ఏడబ్ల్యూఎస్ ఆర్గనైజేషన్ యాక్సెస్, పాలసీలు టెర్రాఫామ్‌తో నడపడం: మొదట ఏది, తర్వాత ఏది

బెంగళూరులో బెళ్లందూరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ స్టార్టప్‌లో చూసినా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కథ దాదాపు ఒకేలా మొదలవుతుంది. ఒక అకౌంట్, నలుగురు ఇంజినీర్లు, నలుగురికీ అడ్మిన్. తర్వాత ప్రాడ్‌కి (అంటే కస్టమర్లు వాడే ప్రొడక్షన్‌కి) ఇంకో అకౌంట్, డేటా టీమ్ అడిగిందని మరొకటి, పీఓసీ (ప్రయోగం) పేరుతో ఎవరో తెరిచి మర్చిపోయినవి రెండు మూడు. ఈలోగా పెద్ద కస్టమర్ ఒకరు తగులుతారు, వాళ్ల సెక్యూరిటీ టీమ్ ఎక్సెల్ షీట్ పంపుతుంది: ప్రొడక్షన్‌లో మార్పులు చేసే హక్కు ఎవరెవరికి ఉంది, ఎప్పటి నుంచి ఉంది, ఎవరు ఒప్పుకుంటే వచ్చింది? మొదటిదానికి కన్సోల్‌లో తవ్వితే జవాబు దొరుకుతుంది. మిగతా రెండింటికీ స్లాక్‌లో "అన్నా, ప్రాడ్ అడ్మిన్ ఒక్క గంట ఇవ్వవా" అన్న మెసేజ్ వెతుక్కోవాలి. గంట కోసం ఇచ్చింది ఏడాదైనా అలాగే ఉంటుంది.

ఆ మూడింటికీ గిట్‌లోనే జవాబు దొరికేలా చేయడం ఎలాగో చెప్తాను. ఉదాహరణలన్నీ ఏడబ్ల్యూఎస్, టెర్రాఫామ్‌లో (క్లౌడ్ సెట్టింగులని కోడ్‌గా రాస్తే అమలు చేసే టూల్). ఆర్గనైజేషన్ అంటే కంపెనీ అకౌంట్లన్నిటికీ ఒకే గొడుగు; దాన్ని నడిపేది మేనేజ్‌మెంట్ అకౌంట్, మిగతావి మెంబర్ అకౌంట్లు. 2023 ఆగస్టులో టెర్రాఫామ్ లైసెన్స్ మారాక మీ కంపెనీ దాని ఓపెన్ సోర్స్ ఫోర్క్ ఓపెన్‌టోఫుకి వెళ్లిపోయి ఉంటే కూడా ఇదే పద్ధతి.

మొదలుపెట్టే ముందు ఒకటి గట్టిగా మనసులో పెట్టుకోండి. యాక్సెస్ అంతా కోడ్‌లోకి తెచ్చిన రోజు నుంచి మీ ఆర్గనైజేషన్‌కి అసలు అడ్మిన్ ఎవరంటే, ఆ కోడ్ ఉన్న రిపోలో మెర్జ్ బటన్ నొక్కి మార్పుల్ని మెయిన్ బ్రాంచ్‌లో కలపగలిగినవాళ్లు. కన్సోల్‌లో ఎవరి పేరు పక్కన ఏముందన్నది తర్వాతి మాట. అందుకే పాలసీలు రాయడం కంటే ముందు రిపో సంగతి తేల్చుకోవాలంటాను. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, అప్పటికి సగం కంపెనీకి ఆ రిపోలో రైట్ యాక్సెస్ ఉంటుంది.

రిపో, పైప్‌లైన్

ఆర్గనైజేషన్‌కి విడిగా ఒక రిపో పెట్టండి. మీ వీపీసీలు, ఈకేఎస్ క్లస్టర్లు ఉన్న ఇన్‌ఫ్రా రిపోలో ఒక ఫోల్డర్‌గా పెట్టకండి, ఎందుకంటే ఆ రిపోలో రోజుకి పది మెర్జ్‌లు జరుగుతాయి, రివ్యూ చేసేవాళ్లు అలవాటుగా అప్రూవ్ కొట్టేస్తారు. మెయిన్ బ్రాంచ్‌కి ప్రొటెక్షన్, కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో (ఏ మార్పుకి ఎవరు ఒప్పుకోవాలో చెప్పేది) ఇద్దరో ముగ్గురో మనుషులు, రాసినవాళ్లే అప్రూవ్ చేసుకునే వీలు లేకుండా సెట్టింగ్. కోడ్‌ఓనర్స్ ఫైల్‌కి కూడా ఓనర్ ఉండాలి, లేకపోతే దాన్నే మార్చేసి దారి చేసుకోవచ్చు.

పైప్‌లైన్‌కి, అంటే ఆ కోడ్‌ని ఆటోమేటిక్‌గా నడిపేదానికి, యాక్సెస్ కీలు ఇవ్వకండి. గిట్‌హబ్ యాక్షన్స్ అయినా గిట్‌ల్యాబ్ అయినా ఓఐడీసీ టోకెన్‌తో (కొద్దిసేపే పనిచేసే గుర్తింపు చీటీ) రోల్ (తాత్కాలికంగా వాడుకునే హక్కుల మూట) తీసుకోగలవు. ఇక్కడ రోల్ ట్రస్ట్ పాలసీలో (ఆ రోల్ ఎవరు తీసుకోవచ్చో చెప్పేది) సబ్ అనే క్లెయిమ్ (టోకెన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే భాగం) మీద షరతు సరిగ్గా రాయడమే అసలు పని. ఆర్గ్ పేరు, రిపో పేరు, బ్రాంచ్ దాకా పూర్తిగా రాయండి. రిపో పేరు తర్వాత స్టార్ పెట్టి వదిలేస్తే ఆ రిపోలో ఏ బ్రాంచ్ నుంచైనా, అంటే రివ్యూ కాని కోడ్‌తో కూడా, ఆ రోల్ దొరుకుతుంది. గిట్‌హబ్‌లో ఎన్విరాన్‌మెంట్ వాడితే సబ్‌లో బ్రాంచ్ బదులు ఎన్విరాన్‌మెంట్ పేరు వస్తుంది. ఈ సంగతి తెలియక ట్రస్ట్ ఎందుకు కుదరడం లేదో అర్థంకాక సాయంత్రం దాకా జుట్టు పీక్కుంటారు.

రోల్స్ రెండు ఉండాలి. ఒకటి ప్లాన్‌కి (ఏం మారబోతోందో చూపించే కమాండ్), చదవడం మాత్రమే. రెండోది అప్లైకి (ఆ మార్పుని అమలు చేసేది), మెయిన్ బ్రాంచ్ నుంచి మాత్రమే దొరికేది. ప్లాన్ అంటే చూడటమే కదా, దానికి విడిగా రోల్ ఎందుకు అనకండి. టెర్రాఫామ్ ప్లాన్ నడిచేటప్పుడు ఎక్స్‌టర్నల్ డేటా సోర్స్‌తో ఏ స్క్రిప్ట్ అయినా నడిపించవచ్చు, ప్రొవైడర్ బైనరీలు నడుస్తాయి. పుల్ రిక్వెస్ట్ మీద అడ్మిన్ రోల్‌తో ప్లాన్ నడిపితే, పుల్ రిక్వెస్ట్ తెరవగలిగిన ప్రతివాళ్లూ మేనేజ్‌మెంట్ అకౌంట్‌కి అడ్మిన్లే. రివ్యూ దాకా రానవసరం కూడా లేదు.

అప్లై రోల్ మామూలుగా మేనేజ్‌మెంట్ అకౌంట్‌లో ఉంటుంది. ఎస్‌సీపీలు (ఆర్గనైజేషన్ స్థాయిలో హద్దులు గీసే సర్వీస్ కంట్రోల్ పాలసీలు) ఆ అకౌంట్‌కి వర్తించవు కాబట్టి అక్కడి రోల్‌ని మీరు రాసే ఏ ఎస్‌సీపీ ఆపలేదు. అందుకే మేనేజ్‌మెంట్ అకౌంట్‌లో ఇంకేమీ నడపకూడదు. పాత జెన్‌కిన్స్ మెషీన్ అక్కడ పడి ఉంటే ముందు దాన్ని కదపండి.

స్టేట్ ఫైల్‌ని (టెర్రాఫామ్ తన కింద ఉన్నవాటి లెక్క రాసుకునేది) వెర్షనింగ్ ఉన్న ఎస్3 బకెట్‌లో పెట్టండి. ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే లాకింగ్ కోసం డైనమోడీబీ టేబుల్ ఇప్పుడు అక్కర్లేదు, టెర్రాఫామ్ 1.10 నుంచి ఎస్3 బ్యాకెండ్‌లోనే యూజ్ లాక్‌ఫైల్ అనే ఆప్షన్ ఉంది. స్టేట్‌ని రెండుగా విడగొట్టండి: అకౌంట్లు, ఓయూలు (అకౌంట్లని సర్దిపెట్టే ఫోల్డర్ల లాంటివి), పాలసీలు ఒకదాంట్లో, మనుషుల యాక్సెస్ ఇంకోదాంట్లో. రెండోది వారానికి పదిసార్లు మారుతుంది, మొదటిది నెలకోసారి మారితే గొప్ప. రోజూ ముట్టుకునే చోట అకౌంట్లు డిలీట్ చేసే వీలు పెట్టుకోవడం దేనికి?

ఉన్నదాన్ని ఉన్నట్టు కోడ్‌లోకి

ఇక్కడ తొందరపడకండి. కొత్త కోడ్ రాస్తూ పనిలో పనిగా పేర్లు మార్చేద్దాం, ఓయూలు సర్దేద్దాం అనిపిస్తుంది. వద్దు. మొదటి లక్ష్యం ఒక్కటే: ఇప్పుడున్నది ఎంత అసహ్యంగా ఉన్నా అలాగే కోడ్‌లోకి రావాలి, ప్లాన్ కొడితే ఏ మార్పూ లేదని రావాలి. అక్కడిదాకా వచ్చాకే మార్పులు.

టెర్రాఫామ్ 1.5లో వచ్చిన ఇంపోర్ట్ బ్లాక్‌తో (ముందే ఉన్నదాన్ని స్టేట్‌లోకి తెచ్చేది) ఈ పని చాలా తేలికైంది. అకౌంట్ ఐడీలు, ఓయూ ఐడీలు జాబితాగా తీసి, ఒక్కోదానికీ ఇంపోర్ట్ బ్లాక్ రాసి, ప్లాన్‌తోనే కోడ్ కూడా జనరేట్ చేయించుకోవచ్చు. జనరేట్ అయిన కోడ్ చూడ్డానికి బాగుండదు, తర్వాత దిద్దుకోండి.

అకౌంట్ రిసోర్స్ దగ్గర మూడు చోట్ల కాలు జారే అవకాశం ఉంది. రోల్ నేమ్, ఐఏఎం (ఏడబ్ల్యూఎస్‌లో యూజర్లు, హక్కులు చూసే సర్వీస్) యూజర్‌కి బిల్లింగ్ యాక్సెస్ అనే రెండు ఆట్రిబ్యూట్‌లని అకౌంట్ పుట్టాక తిరిగి చదవడానికి ఏపీఐ లేదు. కాబట్టి ఇంపోర్ట్ అయ్యాక వాటిని కోడ్‌లో రాసి ఉంటే ప్రతిసారీ తేడా చూపిస్తుంది, అదీ అకౌంట్‌ని తీసేసి కొత్తది పెడతానన్న తేడా. లైఫ్‌సైకిల్‌లో ఇగ్నోర్ చేంజెస్ కింద ఆ రెండూ పెట్టండి. మూడోది క్లోజ్ ఆన్ డిలీషన్. ఇది ట్రూ అయితే కోడ్‌లో బ్లాక్ తీసేసినప్పుడు అకౌంట్ మూతపడుతుంది. 90 రోజుల్లోపు సపోర్ట్‌ని అడిగి తెరిపించుకోవచ్చు కానీ ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఫాల్స్‌గా ఉంచి, ప్రతి అకౌంట్‌కీ ప్రివెంట్ డిస్ట్రాయ్ పెట్టండి. అయితే ప్రివెంట్ డిస్ట్రాయ్ ఆ రిసోర్స్ బ్లాక్‌లోనే ఉంటుంది కాబట్టి, బ్లాక్ మొత్తాన్ని ఎవరైనా డిలీట్ చేస్తే రక్షణ కూడా దాంతోపాటే పోతుంది. ప్లాన్ అవుట్‌పుట్‌లో అకౌంట్ రిసోర్స్ మీద డిలీట్ కనిపిస్తే పైప్‌లైన్ అక్కడే ఆగిపోయేలా చిన్న చెక్ రాసుకోండి, ప్లాన్‌ని జేసన్‌గా తీస్తే పది లైన్ల పని.

ఓయూల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. టీమ్‌ల వారీగా కాకుండా పాలసీల వారీగా పెట్టండి: సెక్యూరిటీ, ప్రాడ్, నాన్‌ప్రాడ్, శాండ్‌బాక్స్, మూసేయబోతున్న అకౌంట్లకి ఒకటి, పాలసీలు పరీక్షించడానికి ఒకటి. మన ఆఫీసుల్లో రీఆర్గ్ ఆరు నెలలకోసారి అవుతుంది, దాని వెంట ఓయూలు పరిగెత్తలేవు. ఐదు లెవెల్స్ దాకా లోపలికి పెట్టుకోవచ్చంటుంది ఏడబ్ల్యూఎస్, రెండు దాటితేనే ఏ పాలసీ ఎక్కడి నుంచి వస్తోందో మనకి అర్థం కాదు.

ఎస్‌సీపీలు

ఎస్‌సీపీ ఎవరికీ ఏ హక్కూ ఇవ్వదు, హద్దు గీస్తుంది అంతే. అకౌంట్‌లో ఐఏఎం పాలసీ ఇవ్వాలి, ఆర్గనైజేషన్ రూట్ (అన్నిటికంటే పై మెట్టు) నుంచి అకౌంట్ దాకా దారిలో ఉన్న ప్రతి మెట్టు దగ్గరా ఎస్‌సీపీ ఒప్పుకోవాలి, రెండూ కుదిరితేనే పని జరుగుతుంది. మెంబర్ అకౌంట్ రూట్ యూజర్ (ఆ అకౌంట్‌కి అన్ని హక్కులూ ఉన్న మూల లాగిన్) కూడా దీనికి లోబడాల్సిందే. ఏడబ్ల్యూఎస్ సర్వీసులే వాడుకునే సర్వీస్ లింక్డ్ రోల్స్‌కి మాత్రం వర్తించదు.

డిఫాల్ట్‌గా అన్నిచోట్లా ఫుల్ ఏడబ్ల్యూఎస్ యాక్సెస్ అనే పాలసీ తగిలించి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి, పైన డినైలు (ఫలానా పని కుదరదనే నియమాలు) రాసుకోవడమే మంచిది. అలౌ జాబితా పద్ధతి చూడ్డానికి కట్టుదిట్టంగా ఉంటుంది కానీ ఒక మధ్య ఓయూలో ఆ డిఫాల్ట్ తీసేసి దాని బదులు పెట్టింది సరిగ్గా లేకపోతే కింద ఉన్న అకౌంట్లన్నీ ఒకేసారి చచ్చుబడతాయి. అదీకాక కొత్త సర్వీస్ వచ్చిన ప్రతిసారీ మీ డెస్క్ దగ్గర క్యూ.

డినైలు కూడా తక్కువ రాయండి. ఆర్గనైజేషన్ వదిలి వెళ్లకుండా, ఐఏఎం యూజర్లు, యాక్సెస్ కీలు పుట్టించకుండా, గార్డ్‌డ్యూటీ, కాన్ఫిగ్ లాంటి నిఘా సర్వీసులు ఆపేయకుండా, మీ పైప్‌లైన్ రోల్స్‌ని అకౌంట్‌లో ఎవరూ ముట్టుకోకుండా, అక్కర్లేని రీజియన్లు వాడకుండా. క్లౌడ్‌ట్రెయిల్ (ఎవరు ఏం చేశారో రాసే లాగ్) ఆపకూడదని కూడా చాలామంది రాస్తారు. మీది ఆర్గనైజేషన్ ట్రెయిల్ అయితే మెంబర్ అకౌంట్‌లో ఎవరూ దాన్ని ఎలాగూ ఆపలేరు. ఆ ట్రెయిల్ మాత్రం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కన్సోల్‌లో కనిపించే ఈవెంట్ హిస్టరీ 90 రోజులే, ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. లాగ్ బకెట్‌ని వేరే అకౌంట్‌లో పెట్టి, దాని లైఫ్‌సైకిల్ రూల్ కూడా ఇదే రిపోలో రాయండి.

రీజియన్ పాలసీ దగ్గర కాసేపు ఆగాలి, ఎక్కువ గొడవలు ఇక్కడే. మన దగ్గర ఫిన్‌టెక్‌లు ఎక్కువ, 2018లో ఆర్‌బీఐ పేమెంట్ డేటా దేశంలోనే ఉంచమన్నప్పటి నుంచి ముంబై, ఇప్పుడు హైదరాబాద్, ఈ రెండు రీజియన్లు తప్ప మిగతావి మూసేయమని కంప్లయన్స్ వాళ్లు అడుగుతారు. రిక్వెస్టెడ్ రీజియన్ అనే కండిషన్‌తో డినై రాస్తే అయిపోతుందనుకుంటాం. కానీ ఐఏఎం, రూట్53, క్లౌడ్‌ఫ్రంట్, ఆర్గనైజేషన్స్, సపోర్ట్ లాంటి గ్లోబల్ సర్వీసుల కాల్స్ ఉత్తర వర్జీనియా రీజియన్‌వి అన్నట్టు లెక్కకొస్తాయి. వాటిని నాట్‌యాక్షన్ జాబితాలో (డినై తాకని పనులు) పెట్టి వదిలేయాలి. అది అందరూ చేస్తారు. చాలామంది మరిచేది ఏసీఎం, అంటే సర్టిఫికెట్ల సర్వీస్: క్లౌడ్‌ఫ్రంట్‌కి వాడే సర్టిఫికెట్ ఉత్తర వర్జీనియాలోనే ఉండాలి. క్లౌడ్‌ఫ్రంట్‌కి తగిలించే వాఫ్ (వెబ్ ఫైర్‌వాల్) రూల్స్‌ది కూడా అదే పరిస్థితి. పాలసీ పెట్టిన రోజు ఏమీ విరగదు, రెండు నెలల తర్వాత ఎవరో కొత్త డొమైన్‌కి సర్టిఫికెట్ అడిగినప్పుడు విరుగుతుంది, అప్పటికి ఆ పాలసీ ఎవరికీ గుర్తుండదు. అందుకే ప్రతి డినై పక్కనా అది ఎందుకుందో, ఎవరు అడిగారో కామెంట్ రాయండి, స్టేట్‌మెంట్‌కి సిడ్ (స్టేట్‌మెంట్ ఐడీ) పేరు చదివితే అర్థమయ్యేలా పెట్టండి.

ఎస్‌సీపీకి ఆడిట్ మోడ్ లేదు. గూగుల్ క్లౌడ్ ఆర్గనైజేషన్ పాలసీల్లో డ్రై రన్ ఉంది, అజూర్ పాలసీలో ఆడిట్ ఎఫెక్ట్ ఉంది, ఇక్కడ తగిలించిన క్షణం నుంచి అమలే. కాబట్టి పద్ధతి ఇది. ముందు యాక్సెస్ ఎనలైజర్‌తో పాలసీ వ్యాకరణం చెక్ చేయించండి, దాన్ని పుల్ రిక్వెస్ట్‌లోనే నడపొచ్చు. తర్వాత ఆ ఓయూలో ఏ సర్వీసులు ఎప్పుడు చివరిసారి వాడారో మేనేజ్‌మెంట్ అకౌంట్ నుంచి రిపోర్ట్ తీయండి. రీజియన్ పాలసీ అయితే క్లౌడ్‌ట్రెయిల్ లాగ్‌ల మీద అథీనాతో (ఎస్‌క్యూఎల్ క్వెరీలు నడిపే సర్వీస్), మూసేయబోయే రీజియన్లలో ఎవరు ఏం పిలుస్తున్నారో చూడండి. ఆ తర్వాత పరీక్ష ఓయూ, కొన్ని రోజులకి శాండ్‌బాక్స్, నాన్‌ప్రాడ్, ఆఖర్న ప్రాడ్. ప్రతి మెట్టు దగ్గరా లాగ్‌లలో ఎస్‌సీపీ వల్ల ఎక్స్‌ప్లిసిట్ డినై అయిందన్న ఎర్రర్ వెతకండి, ఆ మాట మెసేజ్‌లోనే ఉంటుంది. వారం గ్యాప్ ఇవ్వండి, వారానికోసారి నడిచే జాబ్‌లు ఉంటాయి కదా.

పాలసీ రాయడానికి టెర్రాఫామ్‌లోని పాలసీ డాక్యుమెంట్ డేటా సోర్స్ వాడండి, దాని మినిఫైడ్ అవుట్‌పుట్ ఇస్తే ఖాళీ జాగాలు సైజు పరిమితిని తినవు. ఇంకొకటి, అకౌంట్‌ని ఒక ఓయూ నుంచి ఇంకో ఓయూకి మార్చడం ప్లాన్‌లో ఒకే ఒక్క లైన్ మార్పులా కనిపిస్తుంది. నిజానికి ఆ క్షణంలో ఆ అకౌంట్ పాలసీలన్నీ మారిపోతాయి. రివ్యూలో ఆ ఒక్క లైన్ కనిపిస్తే కుర్చీ ముందుకి జరుపుకుని చదవండి.

మనుషులు

ఐఏఎం ఐడెంటిటీ సెంటర్ (ఒకే లాగిన్‌తో అన్ని అకౌంట్లలోకి రానిచ్చే సర్వీస్) వాడుతున్నారనే అనుకుంటున్నాను. లేకపోతే ముందు అది. మీ ఐడెంటిటీ ప్రొవైడర్ గూగుల్ వర్క్‌స్పేస్, ఎంట్రా, ఓక్టా ఏదుంటే దానికి కలిపి, పర్మిషన్ సెట్లు (అడ్మిన్, రీడ్‌ఓన్లీ లాంటి హక్కుల మూటలు) నాలుగైదు పెట్టండి. వ్యక్తి పేరుతో ఎప్పుడూ ఇవ్వకండి, గ్రూప్‌కే.

అసైన్‌మెంట్లు అంటే గ్రూప్, అకౌంట్, పర్మిషన్ సెట్, ఈ మూడింటి కలయిక. వాటిని యామల్ ఫైల్‌లో పెట్టి, టెర్రాఫామ్‌తో ఆ ఫైల్ చదివించండి. ఎందుకంటే టెర్రాఫామ్ రాని మేనేజర్ కూడా యామల్ చదవగలరు, ఆడిటర్‌కి అదే చూపించవచ్చు. కౌంట్ (వరస అంకెతో గుర్తించేది) వాడకండి, ఫర్ ఈచ్ (పేరుతో గుర్తించేది) వాడండి, కీ ఆ మూడు పేర్లనీ కలిపి చేయండి. కౌంట్‌తో చేస్తే మధ్యలో ఒక లైన్ తీసేసినప్పుడు దాని కింద ఉన్నవన్నీ ఒక అంకె జరిగి, అన్నీ తీసేసి మళ్లీ పెడుతుంది. అప్లై నడుస్తున్నంతసేపు జనం యాక్సెస్ పోయిందని పింగ్ చేస్తూనే ఉంటారు.

ఇందులో ఒక చిన్న మోసం ఉంది. గిట్‌లో ఇప్పుడు గ్రూప్‌కి ఏముందో ఉంది. గ్రూప్‌లో ఎవరున్నారో లేదు! ఆ సగం ఐటీ టీమ్ చేతిలో ఉంటుంది, వాళ్లు టికెట్ చూసి చేర్చేస్తారు. అన్ని గ్రూప్‌లనీ కోడ్‌లోకి తేవడం వృథా శ్రమ. మామూలు గ్రూప్‌లు హెచ్‌ఆర్ సిస్టమ్ నుంచి రానివ్వండి. ప్రాడ్‌లో రాసే హక్కున్న గ్రూప్, సెక్యూరిటీ టీమ్ గ్రూప్, ఆర్గనైజేషన్ అడ్మిన్ గ్రూప్, వీటి సభ్యుల జాబితా మాత్రం ఓక్టాకో ఎంట్రాకో ఉన్న టెర్రాఫామ్ ప్రొవైడర్‌తో ఇదే రిపోలో పెట్టండి. అప్పుడే ఆ ఎక్సెల్ షీట్‌లో మూడో ప్రశ్నకి నిజమైన జవాబు ఉన్నట్టు.

"ఒక్క గంట" అడిగేవాళ్లకి: యామల్‌లో ప్రతి తాత్కాలిక అసైన్‌మెంట్‌కీ గడువు తేదీ తప్పనిసరి చేయండి. టెర్రాఫామ్ 1.5 నుంచి ప్లాన్ టైమ్‌స్టాంప్ ఫంక్షన్ ఉంది, దాంతో గడువు దాటినవాటిని వడగట్టి, రాత్రి ఒకసారి అప్లై నడిపితే వాటంతటవే పోతాయి. ఒకటి గమనించండి, అసైన్‌మెంట్ పోయినా అప్పటికే తీసుకున్న రోల్ సెషన్ దాని కాలం అయ్యేదాకా బతికే ఉంటుంది. పర్మిషన్ సెట్ సెషన్ డిఫాల్ట్ 1 గంట, 12 గంటల దాకా పెంచుకోవచ్చు. రీడ్‌ఓన్లీకి 8 పెట్టండి, అడ్మిన్‌కి 1 దాటనివ్వకండి. డెవలపర్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ప్లాన్ పచ్చగా ఉంటే సరిపోదు

రోజూ ఒక ప్లాన్ నడిపి, డీటెయిల్డ్ ఎగ్జిట్‌కోడ్ ఆప్షన్‌తో 2 వస్తే అలర్ట్ కొట్టడం అందరూ చేసేదే. కానీ టెర్రాఫామ్ తన స్టేట్‌లో ఉన్నదాన్నే చూస్తుంది. ఎవరో కన్సోల్‌లోకి వెళ్లి కొత్త అసైన్‌మెంట్ ఇస్తే అది స్టేట్‌లో లేదు, ప్లాన్ ఏ మార్పూ లేదంటుంది. కాబట్టి విడిగా చిన్న పైథాన్ స్క్రిప్ట్ కావాలి: ప్రతి అకౌంట్‌లో ఉన్న అసైన్‌మెంట్లు ఏపీఐతో తెచ్చి, యామల్‌తో పోల్చి, ఎక్కువగా ఉన్నవి చూపించేది. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ఆడిటర్‌కి ధైర్యంగా చూపించగలిగేది ఆ స్క్రిప్ట్ రిపోర్టే.

గూగుల్ క్లౌడ్‌లో కూడా నడిపేవాళ్లు ఉంటే ఇదే విషయం అక్కడ తలకిందులుగా వస్తుంది. ఐఏఎం మెంబర్ రిసోర్స్ ఒకర్ని చేరుస్తుందంతే, బైండింగ్ ఆ రోల్‌లో మీరు రాయనివాళ్లందర్నీ తీసేస్తుంది, పాలసీ రిసోర్స్ ఆ స్థాయిలో ఉన్న అన్ని రోల్స్‌నీ మీ కోడ్‌లో ఉన్నదానితో మార్చేస్తుంది. ఆర్గనైజేషన్ స్థాయిలో ఆ మూడోది అప్లై చేస్తే మీరు కూడా బయట నిలబడవచ్చు. అక్కడ మెంబర్‌తో మొదలుపెట్టి, పైన చెప్పిన స్క్రిప్ట్ లాంటిదే అక్కడా పెట్టుకోండి.

ఎమర్జెన్సీ దారి

ఐడెంటిటీ ప్రొవైడర్ పడిపోతే, లేదా మీ అప్లైనే అందర్నీ బయటికి నెట్టేస్తే లోపలికి వచ్చే దారి ఒకటి కావాలి. మేనేజ్‌మెంట్ అకౌంట్ రూట్‌కి రెండు హార్డ్‌వేర్ కీలు రిజిస్టర్ చేయండి, రెండూ వేరువేరు మనుషుల దగ్గర. ఆ లాగిన్ జరిగితే అందరికీ అలర్ట్ వెళ్లాలి. మెంబర్ అకౌంట్ల రూట్ పాస్‌వర్డ్‌లు ఇప్పుడు అసలు అక్కర్లేదు, 2024 నవంబర్ నుంచి వాటిని ఒకే చోట నుంచి తీసేసే వీలుంది.

ఆర్గనైజేషన్ స్థాయి అప్లైలకి టైమ్ కూడా చూసుకోండి. శుక్రవారం సాయంత్రం మన టీమ్‌లలో సగం మంది మడివాళలోనో మారతహళ్లిలోనో బస్సు ఎక్కుతారు, రాత్రి పదికి చిక్కబళ్లాపూర్ దాటాక సిగ్నల్ ఎక్కడ ఉంటుందో ఎక్కడ ఉండదో ఎవరికీ తెలియదు. హార్డ్‌వేర్ కీ ఉన్న ఇద్దరూ ఒకే బస్సులో అనంతపురం వైపు పోతుంటే కీ ఉన్నా లేనట్టే. మంగళ, బుధవారాల్లో పొద్దున్నే చేయండి, సంక్రాంతి వారం అయితే అసలు వద్దు.

పాత ఐఏఎం యూజర్లు

ఇదంతా నిలబడ్డాక మిగిలే చెత్త పని ఇది. ఒక్కో అకౌంట్‌లో క్రెడెన్షియల్ రిపోర్ట్ తీస్తే ఏ కీ చివరిసారి ఎప్పుడు వాడారో తెలుస్తుంది. 90 రోజులుగా వాడనివి డీయాక్టివేట్ చేయండి, వెంటనే డిలీట్ చేయకండి, ఇన్‌యాక్టివ్ కీని ఒక్క క్లిక్‌తో తిరిగి బతికించవచ్చు, డిలీట్ చేసినదాన్ని కుదరదు. నెలాఖరు, క్వార్టర్ ఎండ్ దాటనివ్వండి, ఫైనాన్స్ వాళ్ల రిపోర్ట్ స్క్రిప్ట్‌లు అప్పుడే నిద్రలేస్తాయి. వాడుకలో ఉన్న కీలలో ఎక్కువ భాగం ఎవరో వెండర్‌కి ఇచ్చినవి అయి ఉంటాయి. వాళ్లకి ఎక్స్‌టర్నల్ ఐడీతో (ఆ వెండర్‌ని గుర్తించే విడి కోడ్) రోల్ ఇచ్చి, మారడానికి తేదీ చెప్పి మెయిల్ పెట్టండి, ఆ తేదీకి వారం ముందు ఒకసారి ఫోన్ కూడా చేయండి, మెయిల్‌కి జవాబు రాదు.